14 నుండి 18 ఏండ్ల వరకు

ఆర్యా,

ముహూర్తముల కాలము వచ్చినప్పుడెల్ల మా ధర్మపురి జిల్లాలో ఫలానా ఊరి బాల్యవివాహమును అధికారులు ఆపించిరని పత్రికలలో చదువుచుందుము. సంతోషమే. కాని వార్త అంతటితో ముగియును. పందిరి విప్పిన పిదప ఆ బాలిక ఆ రాత్రి ఎవరింట పండుకొన్నది, జూన్ నెలలో ఏ తరగతిలో కూర్చున్నది అన్న సంగతి తమ పత్రికతో సహా ఎవరును వ్రాయరు.

చిరకాలము సర్కారు కచేరీలో గుమాస్తాగా ఉండినవాడను గనుక కాగితముల నడక కొంత ఎరుగుదును. పెండ్లి ఆపిన రోజున తల్లిదండ్రులచేత 18 ఏండ్లు నిండువరకు పెండ్లి చేయమని వ్రాయించి సంతకము పుచ్చుకొందురు. కాగితము ఫైలులో చేరును. పిల్ల మరల ఆ యింటనే చేరును. అప్పుచేసి చుట్టములను పిలిచిన తండ్రి కోపము, పరువు పోయెనన్న మేనమామ కోపము అన్నియు ఆమె మీదనే. కొన్నాళ్ళకు వేరొక ఊరి గుడిలో చడీచప్పుడు లేకుండ తాళి కట్టించినచో అడుగు నాథుడు లేడు.

చట్టము లేక కాదు. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టము అటుండగా, 2015 నాటి బాలల న్యాయ చట్టము ఇంకను స్పష్టముగా మాట్లాడినది. ఈడు రాకమునుపే పెండ్లి చేయబడు ప్రమాదమున్న బాలికను అది సంరక్షణ అవసరమైన బిడ్డగా లెక్కించినది. అట్టి బిడ్డను 24 గంటలలో బాలల సంక్షేమ సమితి ఎదుట హాజరుపరచవలెను. ఆశ్రయమిప్పించు అధికారము ఆ సమితికి కలదు. ఇంత ఏర్పాటుండగా ఒక్క సంతకముతో సరిపెట్టుకొనుట నాకు సబబుగా తోచదు.

అసలు చిక్కు వేరొకటి. 2009 నాటి నిర్బంధ విద్యా చట్టము 14 ఏండ్లతో ఆగును. కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయములు 2004లో పుట్టినపుడు 8వ తరగతి వరకే. 12 వరకు పెంచుకొనుటకు 2018లో సమగ్ర శిక్షా పథకము వచ్చిన తరువాతనే వీలు కలిగినది. ఇక తమిళనాడు ప్రభుత్వమువారు 2022 సెప్టెంబరు 5న పుదుమై పెణ్ పథకమును ఆరంభించి, సర్కారు బడిలో చదివి పైచదువులకు పోవు బాలికకు నెలకు 1000 రూపాయలు నిర్ణయించిరి. అంతకు మునుపు మూవలూరు రామామృతం అమ్మయ్యారు పేర పెండ్లి ఖర్చునకు, తాళి బంగారమునకు ఇచ్చుచుండిన సహాయమునే ఇట్లు చదువునకు మరల్చిరి. మెచ్చదగిన పనియే. కాని పైచదువులలో చేరినవారికే గదా అది దక్కుట! 14 వరకు ఒక ఏర్పాటు, 18కి దగ్గరగా మరొక ఏర్పాటు. నడుమ నాలుగేండ్లు. సంబంధములు వెదకికొని వచ్చునది సరిగా ఆ నాలుగేండ్లలోనే.

తల్లిదండ్రులు కసాయివారని నేననను. వానలు లేక, పంట చాలక, మా పల్లెల నుండి ఆలుమగలు బెంగుళూరికో తిరుప్పూరికో కూలికి పోవుదురు. ఎదిగిన పిల్లను ముసలి అవ్వ వద్ద విడిచిపోవుటకు భయము. ఆ భయమునకు పెండ్లియే మందని తలంతురు. వారికి నమ్మకమైన వసతి గృహము చూపినచో పెక్కు పెండ్లిండ్లు వాయిదా పడుననుకొందును. నమ్మకమైనదని ఊరక అనలేదు. 2014లో పొల్లాచ్చిలో ఒక వసతి గృహములోని బాలికలపైననే అత్యాచారము జరిగినది. ఆ ఏడే రాష్ట్రమున వసతి గృహములకు లైసెన్సు చట్టము వచ్చినది. రాత్రి అక్కడనే ఉండు వార్డెనమ్మ లేని గృహము కంటె అవ్వ ఇల్లే మేలు.

ఆడశిశువులను పురిటిలోనే కడతేర్చుచున్నారని 1992లో సేలములో ప్రభుత్వము ఊయెల పథకము పెట్టవలసివచ్చినది. 2001లో అది ధర్మపురికిని వచ్చినది. ఆ ఏటి జనాభా లెక్కలలో ఆరేండ్లలోపు మగపిల్లలు వెయ్యిమందికి ఇచ్చట ఆడపిల్లలు 826 మంది మాత్రమే. 2011 నాటికి 900 దాటిరి. పుట్టిన బిడ్డను బ్రతికించుటకింత పాటుపడిన జిల్లా, బ్రతికిన బిడ్డను 14వ ఏట వదలివేయుట ఏమి లెక్క?

దుర్గాబాయమ్మగారికి ఎనిమిదవ ఏటనే పెండ్లి చేసిరి. ఈడు వచ్చిన పిదప ఆమె కాపురమునకు పోనన్నపుడు పుట్టినింటివారు అండగా నిలిచిరి. ఆమెయే తరువాత మదరాసులో ఆంధ్ర మహిళా సభ స్థాపించి, తెలుగు బాలికలను కాశీ మెట్రిక్యులేషను పరీక్షకు కూర్చుండబెట్టినది. పుట్టిల్లు అండగా నిలువని పిల్లకు ఆ అండ మరియొకరు చూపవలెను.

తరతరములుగా ఈ సీమలో స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో మేనరికములు మెండు. సంబంధము ఇంటిలోనిదే గనుక ఈడు సంగతి వీధికి తెలియదు, 1098కి ఫోను చేయువారును ఉండరు. మన సంఘముల చేతిలో కల్యాణమంటపములు కలవు. వధువు జనన ధ్రువపత్రము చూడనిదే మంటపము అద్దెకీయమని ఆ పెద్దలు నిర్ణయింపవచ్చును. వచ్చిన అద్దెలో కొంత తీసి, పెండ్లి ఆగిన బాలికలకు 9 నుండి 12వ తరగతి వరకు హాస్టలు ఖర్చు భరింపవచ్చును. కలెక్టరుగారు కూడ అట్టి బాలికకు, ఏడాది నడుమనైనను, ఆదాయ ధ్రువపత్రము కొరకు త్రిప్పక అదే వారములో హాస్టలులో చోటిప్పించునట్లు ఉత్తరువు చేయవలెనని కోరుచున్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డు గుమాస్తా
ధర్మపురి