సేవ అనకండి, పని అనండి

మే 12 వచ్చిందంటే చాలు, నైటింగేల్ పటానికి దండేసి, కొవ్వొత్తులు వెలిగించి, నర్సులకి తలో శాలువా కప్పుతారు. మైకు పట్టుకున్న ప్రతివాడూ ఒకే మాట అంటాడు: నర్సుది ఉద్యోగం కాదు, సేవ. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. డాక్టరుది వైద్యం, కలెక్టరుది పాలన, నాబోటి పంతులిది బోధన. ఒక్క నర్సుదే సేవ! ఈ దేశంలో సేవ ఎవరి నెత్తిన పెట్టారో మాకు తెలీదా? పై వర్ణాలకి సేవ చెయ్యడమే శూద్రుడి ధర్మమని మనువు రాశాడు. ఆ లెక్కలో కూడా చోటు దొరక్క ఊరి బయట ఉన్నవాళ్లం మేం. సేవకి కూలి అడగకూడదు. అడిగితే పాపం. అదీ అందులో కిటుకు.

మా అమ్మ మంత్రసాని. బొబ్బిలి అవతల మా పేటలోనే కాదు, బుగతల ఇళ్లల్లో కూడా పురుళ్లు పోసేది. అర్ధరాత్రి లాంతరు పట్టుకుని మనిషొచ్చేవాడు. "ఒలే, బేగి రాయే, బుగతమ్మ నొప్పులు పడతంది." అప్పుడు అమ్మ ఏ గుమ్మం దాటినా మైల లేదు. బిడ్డని తీసేది, బొడ్డు కోసేది, మాయ పాతిపెట్టేది, నెత్తుటి గుడ్డలు గెడ్డలో ఉతికేది. పురుడు వెళ్లిపోయాక అదే గుమ్మానికి దూరంగా నిలబడాలి. తన చేతుల్తో భూమ్మీదికి తెచ్చిన గుంటడిని మళ్లీ తాకకూడదు. చాటెడు ధాన్యం, ఒక పాత కోక, అయిపోయింది. బిడ్డ అడ్డం తిరిగిందని పొట్టమీద చెయ్యేసి చెప్పేది. "నా వల్ల కాదు బాబూ, ఆస్పత్రికి తోలుకెళ్లిపోండి" అని ఎప్పుడనాలో కూడా ఆమెకి తెలుసు. అది విద్య కాకపోతే మరేటి?

బొబ్బిలి, శ్రీకాకుళం, పాలకొండల్లోకి కెనడా బాప్టిస్టు మిషనరీలొచ్చారు. మిషన్ ఆస్పత్రుల్లో నర్సు పనికి పెద్దకులాల వాళ్లు ఆడపిల్లల్ని పంపలేదు. పరాయి మగాడి ఒళ్లు తుడవాలి, దొడ్డి పళ్లెం ఎత్తాలి, రాత్రిళ్లు ఇల్లు విడిచి ఉండాలి కదా! అందుకే స్వాతంత్ర్యానికి ముందు ఈ దేశంలో నర్సుల్లో ఎక్కువమంది క్రైస్తవులే. మావైపు క్రైస్తవులంటే ఎక్కువగా మా పేటలవాళ్లే. 1946లో భోర్ కమిటీ లెక్క తీస్తే 43,000 మందికి ఒక నర్సు తేలింది. డబ్బుల్లేక అంటే నేను నమ్మను. ముట్టుకోవడమంటేనే అసహ్యం ఉన్న దేశంలో, ముట్టుకోవడమే పని అయిన వృత్తి ఎలా పెరుగుతుంది? 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవుడైన మాలని ఎస్సీ కాదంది. రాష్ట్రంలో బీసీ-సి అని 1 శాతం చేతిలో పెట్టారు. మతం మారితే కులం పోతుందట! వార్డులో ఎప్పుడు పోయిందో ఎవరైనా చెప్పండి.

నైటింగేల్‌ని నేను తప్పుపట్టను. ఆమె చేతిలో దీపం ఒక్కటే మనకి చూపిస్తారు. క్రిమియా యుద్ధంలో గాయాలకన్నా రోగాలతోనే ఎక్కువమంది సైనికులు చచ్చారని లెక్కలు కట్టి, పటాలు గీసి ప్రభుత్వం ముందు పెట్టిన మనిషి ఆమె. రోగిని గమనించడం నేర్చుకోవాల్సిన విద్య అని రాసిన మనిషి. తెలుగులో కొత్త సంగతి కనిపెట్టడం అంటాం, రోగిని కనిపెట్టుకుని ఉండడం అంటాం. మాట ఒకటే. మన భాషకున్న తెలివి మన సర్కార్లకి లేదు. ఉద్దానంలో కిడ్నీలు పోయినవాడు నాలుగేసి గంటలు డయాలిసిస్ మిషను మీద ఉంటాడు. బీపీ పడిపోతోందా, కాళ్లు పట్టేస్తున్నాయా అని కనిపెట్టుకుని ఉండేది ఎవరు? డాక్టరు వచ్చి వెళ్తాడు.

నన్నడిగితే ఆ పటం పక్కన సావిత్రిబాయి ఫూలే పటం కూడా పెట్టాలి. మా పంతుళ్ల జాతి. 1897లో పుణె ప్లేగులో రోగులకి చాకిరీ చేస్తూ, ఒక మహర్ పిల్లాణ్ణి మోసుకెళ్లి ఆస్పత్రిలో చేర్చి, అదే రోగంతో మార్చి 10న పోయింది. ఏ నర్సింగు సభలోనూ ఆవిడ పేరు నేను వినలేదు.

మా అప్ప జీఎన్‌ఎం చదివింది. 2018లో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేరితే జీతం తొమ్మిది వేలు, అసలు సర్టిఫికెట్లు వాళ్ల బీరువాలో. అంతకు రెండేళ్ల ముందే, 2016 జనవరిలో, నర్సుల జీతాల సంగతి చూడమని సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది. యాభై మంచాల లోపు ఆస్పత్రిలో కూడా 20,000కి తగ్గకూడదని కమిటీ సిఫార్సు చేసింది. ఆ మాట అప్ప అడిగితే, "సేవాభావం లేనిదానివి ఈ లైన్లోకెందుకొచ్చావమ్మా" అన్నాడట మేనేజరు. తరవాత సర్కారు ఆస్పత్రిలో కాంట్రాక్టు. బోధనాస్పత్రిలో మూడు మంచాలకి, మామూలు ఆస్పత్రిలో ఐదింటికి ఒక నర్సు ఉండాలని నర్సింగ్ కౌన్సిల్ లెక్క. అప్ప రాత్రి డ్యూటీలో నలభై మంచాలకి ఇద్దరు. 2020 మార్చిలో కంచాలు కొట్టారు, మే 3న హెలికాప్టర్లతో పూలు చల్లారు. అప్ప ఆ నెల్లో రెన్యువల్ కాగితం కోసం తిరుగుతోంది.

ఇక మా స్టాఫ్‌రూమ్. పదో తరగతి ఫలితాలొచ్చాక పిల్లలకి దారి చెప్తాం. నాయుడుగారి అమ్మాయికి బైపీసీ, నీట్ కోచింగు. అవే మార్కులొచ్చిన మా పేట గుంటకి మాత్రం, "నర్సింగులో పడేయండి మాస్టారూ, మీవాళ్లకి సేవాభావం ఎక్కువ" అంటాడు సీనియర్ సారు. ఆ గుంట డాక్టరు అవుతానంటోంది. రేపు మనసు మారి నర్సే అవుతానంటే సంతోషమే, మా అప్పకన్నా మంచి జీతంతో అవనీ. కులాన్ని చూసి పని పంచిపెట్టడానికి ఈయనెవడు? శ్రమని కాదు, శ్రమ చేసే మనుషుల్నే విడగొట్టింది కులమని అంబేద్కర్ 1936లోనే తేల్చేశాడు కదా!

"సేవ అంత గొప్పదైతే మీ అమ్మాయిని పంపండి సార్, మా అప్ప దగ్గరుండి నేర్పుతుంది" అన్నాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టి, వేసవి సెలవులు ఎప్పటిదాకా అని పక్క సారుని అడిగాడు.