నొప్పి బిళ్ళ మింగి షిఫ్టు లాగాలా?



పన్నెండు గంటలు సాంచాల ముందు నిలబడితే నడుము పట్టేస్తుంది, మోకాళ్ళు పీకుతాయి. షోలాపూర్‌లోనైనా, భివండిలోనైనా మనవాళ్ళు చాలామంది చేసేది ఒకటే. మందుల షాపులో డైక్లోఫెనాక్ బిళ్ళ కొని, మింగి, షిఫ్టు ఎక్కడం. ఒకరోజు వేసుకుంటే వేరు. రోజూ వేసుకుంటే ఆ బరువు మూత్రపిండాలు మోయాలి.

ఎలాగంటే, మన ఒంట్లో కాక్స్ అనే ఎంజైము ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలను తయారు చేస్తుంది. నొప్పినీ వాపునూ పెంచేవి అవే. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ ఆ ఎంజైమును అడ్డుకుంటాయి. ఆస్పిరిన్ కూడా ప్రోస్టాగ్లాండిన్లను ఆపే పనిచేస్తుందని 1971లో జాన్ వేన్ తేల్చాడు. 1982లో నోబెల్ బహుమతి అందుకున్నవారిలో ఆయన ఒకడు. అయితే ఒంట్లో నీరు తగ్గినప్పుడు మూత్రపిండాలకు రక్తం తెచ్చే నాళాలను తెరిచి ఉంచేవి కూడా ఆ ప్రోస్టాగ్లాండిన్లే. ఉక్క షెడ్డులో చెమటోడ్చి, నీళ్ళు తాగక, పైగా బిళ్ళ మింగితే ఆ నాళాలు ముడుచుకుంటాయి. మూత్రపిండం దెబ్బతిన్నా మొదట్లో నొప్పి ఉండదు, తెలియదు.

ఎంజైమును అడ్డుకునే మందులన్నీ చెడ్డవని కాదు. బి.పి.కి ఇచ్చే ఎనలాప్రిల్, రామిప్రిల్ మరో ఎంజైమును అడ్డుకుంటాయి. షుగరు వల్ల మూత్రంలో ప్రోటీను పోయేవారికి అవి మూత్రపిండాలను కాపాడే మందులు. వాటిని సొంతంగా మానకండి. కాని అవి, మూత్రం ఎక్కువగా పోయించే మాత్ర, నొప్పి బిళ్ళ మూడూ కలిస్తే ప్రమాదం. బి.పి., షుగరు ఉన్నవారు డాక్టరును అడగకుండా నొప్పి బిళ్ళ ముట్టవద్దు.

"బిళ్ళ మానితే పని సాగదు, పని సాగకపోతే కూలి రాదు" అంటారు మీరు. నిజమే. అందుకే ఇది ఒక్కొక్కరి జాగ్రత్తతో తీరేది కాదు. 250 మందికి మించి పనిచేసేచోట వేసవిలో చల్లని తాగునీరు ఇవ్వాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. చిన్న షెడ్డులో పనిచేసేవాడికి మాత్రం దాహం వేయదా? ప్రతి షెడ్డులో మంచినీరు, కూర్చోవడానికి విరామం, ఇ.ఎస్.ఐ. కార్డు, ఏడాదికోసారి బి.పి., క్రియాటినిన్ పరీక్ష. ఇవి మన డిమాండ్ల పత్రంలో బోనస్ పక్కనే ఉండాలి.

వచ్చే గేటు మీటింగులో ఈ మాట ఎత్తండి. నడుము నొప్పికి మందు బిళ్ళలో కొంతే ఉంది. మిగతాది పనిగంటలు తగ్గించుకోవడంలో ఉంది.