అసలు మరిచి వడ్డీ లెక్కలా?

ఒక ఉగాదికి మన హోసూరులో ఒక సభ జరిగింది. ఎవరు జరిపారన్నది అప్రస్తుతం. అంతా నాకు కావలసిన వాళ్లే. బెంగళూరు నాగరత్నమ్మ జీవితం మీద పిల్లల చేత నాటిక వేయించారు. చక్కగా చేశారు. తిరువయ్యూరులో త్యాగరాజస్వామి సమాధికి ఆమె తన సొమ్ముతో గుడి కట్టించిన ఘట్టం రాగానే చప్పట్లు మారుమోగాయి. నడుమ ఎక్కడో ఒక పాత్ర ముద్దుపళని పేరు ఒక్కసారి పలికింది. అంతటితో సరి.

సభ ముగిశాక కార్యకర్త ఒకరిని అడిగాను, "రాధికా సాంత్వనంలోంచి నాలుగు పద్యాలైనా చదివించి ఉండవచ్చు గదా?" అని. "కథ ఉంది గదా సార్, అది చాలు. ఆ పద్యాలు పిల్లల ముందర ఎట్లా చదివేది?" అన్నాడు. "మీరు చదివారా?" అంటే, "లేదు సార్, విన్నాను" అన్నాడు.

నా పేచీ అంతా ఆ "విన్నాను" తోనే.

ముద్దుపళని 18వ శతాబ్దపు కవయిత్రి. తంజావూరు మరాఠా రాజు ప్రతాపసింహుని (1739-63) ఆస్థానంలోనిది. వేశ్యాకులంలో పుట్టింది. ఆ సంగతి దాచుకోలేదు సరిగదా, తన వంశంలోని స్త్రీలను సగర్వంగా పేర్కొంది. తనకు కృతులు అంకితం ఇచ్చినవారున్నారని కూడా చెప్పుకుంది. అంటే బతికుండగానే ఇతరుల రచనకు ప్రేరణ అయిన మనిషి. 584 పద్యాల రాధికా సాంత్వనంలో ఆమె చేసిన పని ఏమిటి? తాను పెంచిన ఇళను తానే కృష్ణునికి కట్టబెట్టి, ఆ తర్వాత ఓర్వలేక కుమిలిపోయే నడివయసు రాధను నిలబెట్టింది. ఆ రాధ అలుగుతుంది, నిందిస్తుంది, కోరుతుంది. కృష్ణుడే దిగివచ్చి బతిమాలుకుంటాడు. కోరిక ఆడదాని నోట, ఆడదే రాయగా వచ్చిన కావ్యమిది.

దీన్ని చూసి కందుకూరి వీరేశలింగం పంతులుగారంతటి సంస్కర్త చీదరించుకున్నారు. అచ్చయి ఉన్న ప్రతిలో పద్యాలు కోసివేసి ఉండడం చూసి, నాగరత్నమ్మ 1910లో వావిళ్ల వారి ద్వారా పూర్తి పాఠం వేయించింది. సిగ్గు ఆడవాళ్లకే గాని మగకవులకు లేదా అని పీఠికలో నిలదీసింది. కొద్దికాలానికే తెల్లదొరల ప్రభుత్వం ప్రతులను జప్తు చేసింది. ఆ నిషేధం తొలగడానికి టంగుటూరి ప్రకాశం పంతులుగారు మద్రాసు ప్రధాని కావలసి వచ్చింది. వావిళ్ల వారు మళ్లీ అచ్చు వేసింది 1952లో. నాగరత్నమ్మ కన్నుమూసింది కూడా ఆ ఏడాదే.

అటు తర్వాత ఈ ఇద్దరి చుట్టూ ఎన్ని పుస్తకాలు! 1991లో సూసీ తారు, కె. లలిత వెలువరించిన భారతీయ స్త్రీల రచనల ఇంగ్లీషు సంకలనం ఈ ఉదంతంతోనే మొదలవుతుంది. 2007లో వి. శ్రీరామ్ నాగరత్నమ్మ జీవితచరిత్ర ఇంగ్లీషులో రాశారు. 2011లో సంధ్యా ముల్చందానీ చేసిన ఇంగ్లీషు అనువాదాన్ని పెంగ్విన్ వారు వేశారు. వారి కృషిని నేను కాదనను. వారు పుస్తకం తెరిచి చదివిన వారు. తెలుగు చదవను వచ్చిన మనం మాత్రం ముద్దుపళనిని ఆమె మీద వచ్చిన కథల ద్వారానే ఎరుగుదుము. నేను బ్యాంకు మనిషిని. నా భాషలో చెప్పాలంటే ఇది వడ్డీ లెక్క చూసుకుంటూ అసలు ఎక్కడుందో మరిచిపోవడం.

ఇది మన ఒక్కరి జబ్బు కాదు. చెకోస్లొవేకియాలో కాప్రాలోవా అనే సంగీతకర్త్రి ఉండేది. బ్ర్నో నగరంలో 1915లో పుట్టి, 1940లో 25వ ఏట ఫ్రాన్సులో చనిపోయింది. 22 ఏళ్లకే తన కృతిని చెక్ ఫిల్హార్మోనిక్ చేత తానే నిర్వహించి వాయింపించింది. మరుసటి ఏడాది లండనులో బి.బి.సి. వాద్యబృందం ముందు నిలిచింది. అయినా చాలాకాలం లోకం ఆమెను మార్టినూ అనే పెద్ద సంగీతకర్త వలచిన పిల్లగానే తలచింది. భర్త యిర్జీ ముఖా 1988లో ఆమె ప్రేమల మీద పుస్తకం రాశాడు. ఆమె స్వరాలను వెలికితీసి అచ్చుకూ, రికార్డులకూ ఎక్కించేందుకు 1998లో కెనడాలోని టొరంటోలో ఒక సంఘం పుట్టవలసి వచ్చింది. పుట్టింది, పని చేసింది. నేర్వవలసింది అదీ.

"బూతు గదా" అనేవారికి ఒక్క ప్రశ్న. మన ఆడపిల్లలకు నాట్యం నేర్పించి క్షేత్రయ్య పదాలకు అభినయం పట్టిస్తున్నామా లేదా? జయదేవుని అష్టపదులు భజనల్లో పాడుతున్నామా లేదా? మగవాడు ఆడగొంతు తెచ్చిపెట్టుకుంటే భక్తి, ఆడది తన గొంతుతో పలికితే బూతు. ఈ తీర్పును నాగరత్నమ్మ 1910లోనే కొట్టివేసింది. ఆమెకు దండవేసి, ఆమె కొట్టివేసిన తీర్పునే మనం మళ్లీ చదువుతున్నాం. పసిపిల్లల ముందు కొన్ని పద్యాలు వద్దంటే ఒప్పుకుంటాను. పెద్దల ముందు కూడా వద్దనడానికి కారణం సిగ్గు కాదు, సోమరితనం.

మరొక మాట. "మీ భాషకు ఈ నేల మీద ఏం హక్కు?" అని హోసూరు, కృష్ణగిరి తెలుగువాళ్లను అడిగేవాళ్లున్నారు. 2006 చట్టం తర్వాత మన పిల్లలు తెలుగులో పరీక్ష రాసే మినహాయింపు కోసం కోర్టు మెట్లెక్కాము. ముద్దుపళని కావ్యం పుట్టింది రాజమండ్రిలో కాదు, ఈ రాష్ట్రంలోని తంజావూరులో. అక్కడి సరస్వతీ మహలులో తెలుగు తాళపత్రాలు నేటికీ ఉన్నాయి. ఇంతకన్నా పెద్ద దస్తావేజు ఏముంటుంది? కాని దస్తావేజు పెట్టెలో ఉంటే చాలదు. అందులో ఏముందో చదివి చెప్పగలవాడు ఇంట్లో ఒకడుండాలి. మన ఇళ్లలో ఆ ఒకడు తగ్గిపోతున్నాడు.

కాబట్టి నేను కోరేది నాటికలు మానమని కాదు. 584 పద్యాలు. నెలకు 50 చొప్పున చదివితే 12 నెలల్లో ముగుస్తుంది. అర్థం చెప్పగల తెలుగు పండితులు, రిటైరైన పంతుళ్లు మన తాలూకాలలో ఇంకా ఉన్నారు. వాళ్లు ఉండగానే మొదలుపెట్టాలి. చదివాక ముద్దుపళని నచ్చకపోతే తిట్టండి. ఆ తిట్టుకు నేను తల ఒగ్గుతాను. చదవక మెచ్చుకోవడం, చదవక సిగ్గుపడడం రెండూ ఆమెకు అవమానమే.

వచ్చే ఉగాది సభకు పుస్తకం నేను తెస్తాను. మొదటి పద్యం ఎవరు చదువుతారో సభవారే చెప్పాలి.