ఒక్క బిట్టులో బూడిద రంగు

మొన్న సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పటి సంగతి. మా ప్రాజెక్టులో ఫోటోల గ్యాలరీ స్క్రీను రాసింది నేనే. గొప్పగా నాన్న ఫోన్లో యాప్ వేసి చూపించబోయా. తెల్ల తెర, గుండ్రంగా తిరిగే చక్రం, ఆ తర్వాత యాప్ దానంతటదే మూసుకుపోయింది. ఒకసారి కాదు, మూడుసార్లు! "ఫోను పాతదిలేరా" అన్నారు నాన్న. 2 జీబీ ర్యామ్ ఉన్న ఫోనది. నాకైతే సిగ్గేసింది. ఎందుకంటే 1 ఎంబీతో ఫోటో చూపించిన వాళ్ళ కథ నాకు తెలుసు.

1987లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో థామస్ నోల్ అని ఒక పీహెచ్‌డీ విద్యార్థి. ఆయన దగ్గరున్నది మాకింటోష్ ప్లస్. తెర మీద అడ్డంగా 512, నిలువుగా 342 చుక్కలు. ఒక్కో చుక్కకీ ఒక్కటే బిట్టు, అంటే నలుపు లేదా తెలుపు, మధ్యలో ఇంకేమీ లేదు. ఆయన పనేమో డిజిటల్ బొమ్మల మీద! అందుకని నలుపు తెలుపు చుక్కలతోనే బూడిద రంగు ఛాయలున్నట్టు భ్రమ కలిగించే చిన్న ప్రోగ్రాం రాసుకున్నాడు. దాని పేరు డిస్‌ప్లే.

అసలు ఒక్క బిట్టే ఎందుకంటారా? లెక్క వేసి చూడండి. మొత్తం 1,75,104 చుక్కలు. ఒక్కో బిట్టయితే 22 కేబీలో సరిపోతుంది. 256 ఛాయలు కావాలంటే 171 కేబీ కావాలి. 1984లో వచ్చిన తొలి మాకింటోష్ మొత్తం మెమరీయే 128 కేబీ!

మరి లేని రంగు ఎలా వస్తుంది? మన ఆర్టీసీ కండక్టర్ పద్ధతే. చిల్లర లేకపోతే ఇద్దరికీ కలిపి ఒకే నోటిచ్చి "దిగాక పంచుకోండి" అంటాడు చూడండి, అలాగన్నమాట. ఒక్కొక్కరి దగ్గర లెక్క తప్పుతుంది, సీటు మొత్తం మీద సరిపోతుంది. చుక్క విలువ 100 అనుకోండి. దాన్ని నలుపు చేసేస్తే 100 బాకీ పడ్డాం. ఆ బాకీని పక్క చుక్కలకి పంచాలి. 1976లో ఫ్లాయిడ్, స్టైన్‌బర్గ్‌లు దాన్ని 16 వంతులు చేసి కుడిపక్కకి 7, కింది వరసకి 3, 5, 1 ఇచ్చారు. ఆపిల్‌లో బిల్ అట్కిన్‌సన్ ఆరు చుక్కలకి తలా ఎనిమిదో వంతు ఇచ్చి, మిగిలిన రెండు వంతుల్ని వదిలేశాడు. దాంతో బాగా వెలుగున్నచోట, బాగా నీడున్నచోట కొంత వివరం పోతుంది, మిగతా బొమ్మ మాత్రం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఏది పోయినా కంటికి ఫర్వాలేదో తెలుసుకుని వదిలెయ్యడం కూడా ఇంజనీరింగే!

ఆ డిస్‌ప్లేనే తర్వాత తమ్ముడు జాన్ నోల్ చెయ్యి పడి పెరిగి పెద్దదై, 1990లో అడోబీ చేతుల మీదుగా ఫోటోషాప్‌గా బయటికొచ్చింది. కానీ నేను చెప్పాలనుకున్న నీతి అది కాదు. "వాళ్ళకి గతిలేక చేశారు, మనకిప్పుడు ఆ కర్మేంటి" అంటాడు మా టీంలో ఒక మిత్రుడు. నా మట్టుకు నాకు అనిపించేదేంటంటే, ఇరుకు ఎక్కడికీ పోలేదు. అప్పట్లో అది ప్రోగ్రాం రాసేవాడి బల్ల మీదే ఉండేది. ఇప్పుడు వాడేవాడి జేబులోకి వెళ్ళింది. మన లాప్‌టాప్‌లో 32 జీబీ పెట్టుకుని కూర్చుంటే అది మనకి కనిపించదు, అంతే.

ఇంతకీ నా తప్పేంటో చెప్పలేదు కదూ. 4000కి 3000 చుక్కల ఫోటోని విప్పితే మెమరీలో 48 ఎంబీ అవుతుంది. తెర మీద దాని చోటు 300కి 300. ఆ సైజుకే విప్పితే 360 కేబీ చాలు. నేనేమో పన్నెండు ఫోటోల్నీ పూర్తిగా విప్పి పెట్టా. సరిచెయ్యడానికి ఒక పూట కూడా పట్టలేదు.

తిరిగొచ్చాక, టెస్టింగుకి నాన్న ఫోన్లాంటిది ఒకటి కొనమని మీటింగులో అడిగా. "అలాంటి ఫోన్లు వాడే యూజర్లు మనకెంతమంది ఉన్నారు?" అన్నారు. రిపోర్టులో చూస్తే నిజంగానే చాలా తక్కువ.

మూడుసార్లు మూసుకుపోయాక యాప్ తీసేసిన వాళ్ళు ఆ రిపోర్టులో ఎలా ఉంటారండీ?