తరిగొండవారి హారతి

తిరుమలలో రోజంతా జరిగే సేవల్లో చివరిది ఏకాంత సేవ. శ్రీనివాసుడు పవళించే వేళ తాళ్లపాక అన్నమాచార్యుల వంశీకులు లాలి పాడతారు. తరిగొండ వెంగమాంబ పేరున ముత్యాల హారతి ఇస్తారు. అందుకే 'తాళ్లపాకవారి లాలి, తరిగొండవారి హారతి' అంటారు. అన్నమయ్య వేల సంకీర్తనలు రాసిన పండితుడు. మరి వెంగమాంబ?

ఆమె 18వ శతాబ్దంలో, వాయల్పాడు దగ్గరి తరిగొండలో పుట్టారు. చిన్ననాడే పెళ్లయింది. అంతలోనే భర్త పోయాడు. స్వామే తన భర్తని, పసుపు కుంకుమలు తీయనని ఆమె పట్టుబట్టారట. ఊరంతా నిందించింది. చదువా? గురువు దగ్గర ఓనమాలైనా నేర్వలేదని తానే చెప్పుకున్నారు. ఆ కాలంలో అలాంటి స్త్రీకి మిగిలేది ఇంట్లో ఓ చీకటి మూల. ఆమె మాత్రం ఊరి లక్ష్మీనరసింహస్వామి గుడిలో ధ్యానానికి కూర్చున్నారు. ఆ స్వామి మీదే శతకం చెప్పారు.

తర్వాత తిరుమల చేరారు. వేంకటాచల మాహాత్మ్యం, ద్విపద భాగవతం, యక్షగానాలు రాశారు. కవిత్వంతోనే సరిపెట్టుకోలేదు. కొండకు వచ్చే యాత్రికుల ఆకలి చూసి అన్నం పెట్టించారు. 1817లో ఆమె కన్నుమూసినా హారతి ఆగలేదు. 2011లో కొండమీద ప్రారంభమైన నిత్యాన్నప్రసాద భవనానికి ఆమె పేరే పెట్టారు.

'నాకేం వచ్చని దేవుడికి ఇవ్వను?' అని చాలామంది అనుకుంటారు. గుడికి వెళ్తాం, కొబ్బరికాయ కొడతాం, కోరికలు చెప్పుకుని వచ్చేస్తాం. మనకు ఆయన ఇచ్చినది మాత్రం ఇంట్లోనే మిగిలిపోతుంది. చేయి తిరిగిన ఇల్లాలు పండగపూట పదిమందికి పులిహోర కలిపి పెట్టవచ్చు. రిటైరైన మాస్టారు పేదపిల్లలకు సాయంత్రం లెక్కలు చెప్పవచ్చు. చక్కని గొంతున్న అమ్మాయి మంచం పట్టిన తాతయ్య పక్కన కూర్చుని నాలుగు కీర్తనలు పాడవచ్చు.

అయితే ఒక్క జాగ్రత్త. మెప్పు కోసం చేసే పని మెప్పు ఆగగానే ఆగిపోతుంది. వెంగమాంబను మెచ్చినవారికన్నా తిట్టినవారే ముందు వచ్చారు. అయినా ఆమె కలం ఆగలేదు. ఎందుకంటే ఆమె ముందు స్వామి దగ్గర కూర్చోవడం నేర్చుకున్నారు. రోజూ కాసేపు ఆయన ముందు కూర్చుంటే, మన చేతిలో ఏముందో, అది ఎవరికి అవసరమో తెలిసొస్తుంది. ఆ పని చేయడమే మనమిచ్చే హారతి.