ఆ పొట్టి రాడ్డును కదిపి ఎన్నాళ్లయింది?

ఇంటి ముందు పాత జీపో, జిప్సీయో ఉందంటే ఆ ఇంట్లో రెండు పార్టీలుంటాయి. 'ఇంకెన్నాళ్లండీ, తీసేద్దాం' అనేది ఒకటి. 'నాన్నగారి బండి, ఎలా అమ్ముతాం' అనేది రెండోది. మహీంద్రా వాళ్లు మనదేశంలో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టింది 1940ల చివర్లో. మారుతి జిప్సీ 1985లో వచ్చింది. 2019కల్లా మామూలు కొనుగోలుదారులకు దాన్ని అమ్మడం ఆగిపోయింది. అంటే జిప్సీని ఒకసారి తీసేస్తే మళ్లీ కొత్తది కొందామన్నా దొరకదు!

సరే, రెండో పార్టీయే నెగ్గిందనుకుందాం. ఆదివారం ఆదివారం కడుగుతున్నారు, ఇంజిన్ ఆయిల్ మారుస్తున్నారు. మరి గేరు రాడ్డు పక్కన ఇంకో పొట్టి రాడ్డు ఉంటుంది చూశారా... దాన్ని ఎప్పుడైనా ముట్టుకుంటున్నారా?

మామూలు రోడ్డుమీద ఈ బళ్లను వెనక చక్రాలే నెడతాయి. ఆ రాడ్డు వేస్తే ముందు చక్రాలకూ ఇంజిన్ బలం అందుతుంది. అవసరం రావట్లేదు కదా అని ఏళ్ల తరబడి వదిలేస్తే లింకులు తుప్పుపడతాయి, గ్రీజు గట్టిపడుతుంది, సీళ్లు ఎండిపోతాయి. తీరా వానాకాలంలో పొలం బాటలో బండి ఇరుసుదాకా దిగబడ్డాక రాడ్డు లాగితే... కదలదు. అప్పుడిక ట్రాక్టర్ కోసం ఫోన్లు!

మందు చాలా తేలిక. నెలకోసారి రాడ్డు వేసి మట్టి బాటమీద నెమ్మదిగా కాస్త దూరం నడపండి. తారురోడ్డు మీద మాత్రం వద్దు. మలుపు తిరిగేటప్పుడు వెనక చక్రాలకన్నా ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి. ఈ పాత బళ్లలో ఆ తేడాను సర్దే ఏర్పాటు ముందు, వెనక ఇరుసుల మధ్య ఉండదు. మట్టిలో అయితే చక్రం కాస్త జారి సర్దుకుంటుంది. తారుమీద జారదు, దాంతో షాఫ్టులు మెలిపడినట్లయి స్టీరింగు బరువెక్కుతుంది, రాడ్డు ఇరుక్కుంటుంది. అలా అయితే దాంతో కుస్తీ పట్టకండి. బండిని నాలుగడుగులు వెనక్కి నడిపితే చాలాసార్లు అదే వదులుతుంది. నాలుగు టైర్లూ ఒకే సైజు ఉండాలనేదీ ఇందుకే. ముందు కొత్తవి, వెనక గుండయినవి వేస్తే ఫోర్‌వీల్‌లో తిన్నగా వెళ్తున్నా ఈ తిప్పలే.

ఇక ఆయిల్. ఇంజిన్, గేరుబాక్సు కాకుండా ఇంకా మూడుచోట్ల ఉంటుంది. ముందు క్రౌన్, వెనక క్రౌన్, మధ్యలో పొట్టి రాడ్డు దిగే పెట్టె. ఇంట్లోనే మార్చుకోవచ్చు. ఒక్కటే సూత్రం... ముందు పైనున్న, ఆయిల్ పోసే బోల్టు విప్పండి. అది వచ్చాకే కింది బోల్టు జోలికి వెళ్లండి. ఉన్న ఆయిలంతా కార్చేశాక పై బోల్టు రాకపోతే బండి షెడ్డుదాకా కూడా వెళ్లలేదు. కారిన ఆయిల్‌ను వేళ్ల మధ్య రుద్ది చూడండి. సన్నటి బూడిదరంగు పొడి ఫర్వాలేదు. పెళుసు ముక్కలొస్తే మెకానిక్‌ను పిలవాల్సిందే. పాలు కలిపిన టీలా ఉందా? నీళ్లు చేరాయన్నమాట. వేడెక్కిన ఇరుసు వాగులో దిగగానే లోపలి గాలి కుంచించుకుపోయి, సీళ్ల సందుల్లోంచి నీటిని పీలుస్తుంది. ఇరుసుమీద గాలి ఆడే సన్నటి గొట్టం మట్టితో మూసుకుపోతే ఇది ఎక్కువ. పాత బట్టతో ఆ గొట్టం తుడవడానికి రెండు నిమిషాలు పట్టదు, కానీ ఎవరూ చెయ్యరు! క్రౌన్‌లో పోసే జీఎల్-5 ఆయిల్ కొన్ని గేరుబాక్సుల్లోని ఇత్తడి రింగులకు పడదు. కాబట్టి ఏది ఎందులో పోయాలో బండి పుస్తకంలో చూశాకే డబ్బా కొనండి.

గుంతలో పడగానే స్టీరింగు చేతుల్లో గజగజ వణుకుతోందా? ముందు చక్రాన్ని జాకీమీద లేపి, టైరును పైనా కిందా పట్టుకుని ఊపండి. ఊగితే ఇంట్లోవాళ్లను పిలిచి బ్రేకు తొక్కమనండి. అప్పుడు ఊగడం ఆగితే తప్పు చక్రం బేరింగుది. ఆగకపోతే కింగ్‌పిన్ బేరింగులది. ఏది పోయిందో తెలుసుకుని షెడ్డుకు వెళ్తే అనవసరమైనవి మార్చే ప్రమాదం తగ్గుతుంది. కింగ్‌పిన్ బిగింపు, క్రౌన్ పళ్ల సెట్టింగు మాత్రం కొలతల పని. అవి చేయి తిరిగినవాళ్లకే వదిలేయండి.

ఒక్క విషయంలో మాత్రం మొహమాటం వద్దు. జాకీ బండిని లేపడానికే, కింద దూరడానికి కాదు. పాత విల్లీస్ తరహా జీపుల్లో కొన్నిటికి హ్యాండ్‌బ్రేకు చక్రాలమీద కాకుండా వెనక్కి వెళ్లే షాఫ్టుమీద పట్టేది. అలాంటి బండికి వెనక చక్రం ఒకటి లేపితే ఇక హ్యాండ్‌బ్రేకు వేసినా వేయనట్టే, బండి కదిలిపోతుంది. నేల సమంగా ఉన్నచోట, కిందున్న చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మలు పెట్టి, ఇరుసుకింద ఇనుప స్టాండ్లు ఆనించాకే కిందికి వెళ్లండి. ఇటుకలు వద్దు, పగులుతాయి. ఆ సమయంలో పిల్లల్ని బండెక్కి ఆడుకోనివ్వకండి.

తీసిన ఆయిల్‌ను మురిక్కాలవలో పోయకుండా పాత డబ్బాలోకి పట్టి మూత బిగించండి. ఈసారి షెడ్డుకు వెళ్లినప్పుడు అక్కడి డ్రమ్ములో పోసి రావచ్చు.