విగ్రహం, సంధి: 'నీతిచంద్రిక' ఉత్తరభాగంపై పాఠకుల తీర్పు – ఒక ఖండన

ప్రవేశిక

జయశంకర్ భూపాలపల్లి జిల్లా ఘనపూర్‌లోని కోటగుళ్ళు కాకతి గణపతిదేవుని (1199–1262) కాలం నాటివి. రాతి ప్రాకారం లోపల చిన్నవీ పెద్దవీ ఇరవైకి పైగా గుళ్ళున్న ఈ ప్రాంగణంలో ప్రధానమైనది గణపేశ్వరాలయం. అక్కడి శిల్పాలలో సగం మనిషి, సగం సింహమై ఏనుగునెక్కిన గజకేసరి రూపాలున్నాయి. చూసినవారు శిల్పి ఊహాశక్తిని మెచ్చుకొని, దానిని అలంకారంగా భావించి ముందుకు సాగుతారు. కాని గణపతిదేవుని పూర్వీకుడైన మొదటి ప్రోలరాజుకు 'అరిగజకేసరి' అనే బిరుదుండేది. శత్రువులనే ఏనుగులకు సింహమని దాని అర్థం. ఆ బిరుదునూ ఈ రూపాన్నీ పక్కపక్కన పెట్టి చూసినవారికి లోకంలో లేని ఈ జంతువు లోకంలోని రాజ్యాధికారాన్ని గురించే మాట్లాడుతున్నదనిపిస్తుంది. విజయనగర నాణేలపై కనిపించే గండభేరుండం విషయమూ ఇంతే. అది రాజముద్రగా మారిన ఊహాపక్షి.

కల్పిత జంతువును అలంకారంగా మాత్రమే చూసి, అది మోస్తున్న రాజనీతిని వదిలివేసే అలవాటు శిల్పానికే పరిమితం కాలేదు. తెలుగు వచన సాహిత్యంలో దీనికి బలి అయిన రచన 'నీతిచంద్రిక' ఉత్తరభాగం. ఆ భాగంపై స్థిరపడిన అభిప్రాయం పాక్షికమైనదనీ, దానివల్ల 'నీతి' అనే మాటకున్న అర్థమే కుంచించుకుపోయిందనీ నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

స్థిరపడిన తీర్పు

పరవస్తు చిన్నయసూరి 1853లో ప్రకటించిన 'నీతిచంద్రిక'లో ఉన్నవి మిత్రలాభం, మిత్రభేదం మాత్రమే. మిగిలిన విగ్రహం, సంధి అనే భాగాలను తెలుగు చేసే పని తరువాతి తరంపై పడింది. కొక్కొండ వేంకటరత్నం పంతులు విగ్రహాన్ని రచించారు. కందుకూరి వీరేశలింగం పంతులు విగ్రహాన్నీ సంధినీ రచించారు. ఒక మహారచనకు కొనసాగింపుగా ఇతరులు రాసిన గ్రంథాలకు సాధారణంగా పట్టే గతే వీటికీ పట్టింది. సూరి వచనం ధారాశుద్ధికి ఒరవడి. తరువాతివి ఆ ఒరవడి మీద దిద్దిన రాతలు. ఇదీ పాఠకలోకం ఇచ్చిన తీర్పు. పాఠ్యగ్రంథాలు, సాహిత్య చరిత్రలు దీనినే కొద్దిపాటి మాటల తేడాతో తిరిగి చెబుతూ వచ్చాయి.

ఈ తీర్పులో నిజం లేకపోలేదు. సూరి వాక్యనిర్మాణంలోని బిగువు, సమాసాల నడక అనుకరణకు లొంగేవి కావు. వీరేశలింగం తొలినాళ్లలో గ్రాంథిక శైలికి కట్టుబడి, క్రమంగా సులభ వచనం వైపు నడిచారు. 1919లో వర్తమాన వ్యావహారికాంధ్ర భాషా ప్రవర్తక సమాజానికి అధ్యక్షులయ్యారు. తానే విడిచివచ్చిన దారిలో ఆయన వేసిన తొలి అడుగులను ఆ దారికి ఆద్యుడైన సూరి నడకతో పోల్చి తక్కువగా తేల్చడంలో విమర్శకులకు కష్టమేమీ లేదు. అయితే ఈ పోలిక శైలికి సంబంధించినది మాత్రమే. శైలి మీద ఇచ్చిన తీర్పును గ్రంథం మొత్తానికి వర్తింపజేయడమే అభ్యంతరకరం.

భాషావాదంలో ఇరుపక్షాల వారూ ఈ పొరపాటే చేశారు. గ్రాంథికవాదులు సూరి వచనాన్ని ప్రమాణంగా నిలబెట్టారు. వ్యావహారికవాదులు ఆ ప్రమాణం బడిపిల్లలకు గుదిబండ అన్నారు. ఒకరికి ఆరాధ్యమైనది మరొకరికి త్యాజ్యం. కాని ఇరువురికీ అది భాషకు నమూనా మాత్రమే. ఆ భాషలో ఏమి చెప్పబడిందన్న ప్రశ్న ఇద్దరి మధ్యా నలిగిపోయింది.

ఉత్తరభాగంలో మారిన వస్తువు

పూర్వోత్తర భాగాలను ఒకే త్రాసులో తూచేవారు గమనించనిది వస్తువులో వచ్చిన మార్పు. మిత్రలాభంలో కాకి, ఎలుక, తాబేలు, లేడి స్నేహం చేస్తాయి. మిత్రభేదంలో ఒక నక్క సింహానికీ ఎద్దుకూ మధ్య చిచ్చుపెడుతుంది. రెండింటిలోనూ కథను నడిపేది వ్యక్తుల మధ్య సంబంధం. రాజసభ ఉన్న మిత్రభేదంలో కూడా తెగిపోయేది ఇద్దరి చెలిమే. విగ్రహం, సంధి అనే విభాగాలకు పేరూ ప్రణాళికా ఇచ్చిన నారాయణ పండితుని 'హితోపదేశం'లో ఆ రెండు ప్రకరణాలూ ఇందుకు భిన్నమైనవి. అక్కడ తలపడేవి రెండు రాజ్యాలు: కర్పూరద్వీపాన్ని ఏలే రాజహంస హిరణ్యగర్భుడు ఒకవైపు, జంబూద్వీపాన్ని ఏలే నెమలి చిత్రవర్ణుడు మరొకవైపు.

యుద్ధం మొదలైన తీరే ఆలోచింపజేస్తుంది. పరదేశం తిరిగివచ్చిన కొంగ, అక్కడి పక్షులతో తన దేశం గొప్పదని వాదించి కయ్యం తెచ్చుకున్న వైనాన్ని సభలో చెబుతుంది. ఎవరి భూమినీ ఎవరూ ఆక్రమించలేదు. సొత్తు దోచుకున్నవారూ లేరు. ఒక పౌరుని దేశాభిమానపు గొప్పలే రెండు రాజ్యాలను రణానికి దింపాయి. నెమలిరాజు పంపిన దూత చిలుక సభలో పరుషంగా మాట్లాడినప్పుడు కాకి దానిని చంపుతానని లేస్తుంది. దూత అవధ్యుడని మంత్రి చక్రవాకం వారిస్తుంది. ఆ కాకి శత్రుపక్షం నుంచి వచ్చినదని, నమ్మవద్దని అదే మంత్రి ముందే హెచ్చరించినా రాజు వినలేదు. చివరకు దుర్గాన్ని తగలబెట్టేది ఆ కాకే. రాజును కాపాడబోయి సేనాపతి సారసం ప్రాణం విడుస్తుంది.

సంధి ప్రకరణం ఇంతకంటే లోతైనది. గెలిచిన నెమలిరాజుకు గర్వం తలకెక్కింది. అతని మంత్రి గద్ద ఓడినవారితో సంధి చేసుకోవాలని సలహా చెబుతుంది. ఈలోగా ఓడిన పక్షపు చక్రవాకం సింహళరాజును జంబూద్వీపం మీదికి పురికొల్పుతుంది. యుద్ధరంగంలో పోయిన బలాన్ని దౌత్యంతో తిరిగి సంపాదించే ప్రయత్నమిది. కామందక నీతిసారం నుంచి వచ్చిన పదహారు రకాల సంధుల వివరణ తరువాత, పరస్పర గౌరవం మీద నిలిచే కాంచనసంధితో కథ ముగుస్తుంది. ఈ వివరణ కథాగమనాన్ని ఆపుతుందన్న పాఠకుల ఫిర్యాదు సమంజసమే. కాని ఒక ఒడంబడికలో ఎవరు ఏమిచ్చి ఏమి పుచ్చుకుంటారన్న లెక్క తెలియకుండా సంధి మంచిదని చెప్పడం ఉపదేశమవుతుంది గాని రాజనీతి కాదు.

ఎవరికి అవసరమైన కథ?

ఇవి పిల్లల కోసం చెప్పిన పక్షికథలని, వీటిలో దౌత్యాన్ని వెతకడం అతివ్యాఖ్య అని ఆక్షేపించవచ్చు. ఈ ఆక్షేపణకు తెలుగు నేల చరిత్రే సమాధానం. ఉత్తర సర్కారులు 1766 నాటి సంధితోనూ, దత్తమండలాలు 1800 నాటి సంధితోనూ నిజాము నుంచి ఈస్టిండియా కంపెనీ చేతికి వెళ్లాయి. ఘనపూర్ ఉన్న ఓరుగల్లు ప్రాంతం నిజాము ఏలుబడిలోనే మిగిలింది. వీరేశలింగం పుట్టిన రాజమహేంద్రవరం ఒక పాలనలోనూ, గణపతిదేవుని గుళ్ళు మరొక పాలనలోనూ ఉండటానికి కారణం ఒడంబడిక పత్రాలే. అటువంటి ప్రజలకు 'సంధి' వ్యాకరణ ప్రకరణం పేరుగా మాత్రమే గుర్తుండటం విచారకరం.

తెలుగు సాహిత్యానికి ఈ వస్తువు పరాయిది కూడా కాదు. రాజ్యం కోల్పోయిన మనుమసిద్ధి తరఫున తిక్కన ఓరుగల్లు వెళ్లి గణపతిదేవుని సాయం కోరిన వృత్తాంతాన్ని 'సిద్ధేశ్వరచరిత్ర' చెబుతుంది. ఉద్యోగపర్వంలోని రాయబారాలను తెలుగు చేసిన కవిని సంప్రదాయం స్వయంగా రాయబారిగా గుర్తుంచుకుంది. గణపతిదేవుడు సైతం దివిసీమను జయించిన తరువాత అక్కడి అయ్యవంశీయులైన నారాంబ, పేరాంబలను వివాహమాడి, వారి సోదరుడు జాయపను తన గజసాహిణిగా నియమించాడు. ఆ జాయపే 'నృత్తరత్నావళి' కర్త. నెమలిరాజుకు గద్ద చెప్పిన సలహాకూ ఈ రాజు ఆచరణకూ మధ్య దూరం ఎక్కువేమీ లేదు.

ముగింపు

ఉత్తరభాగాన్ని శైలి పేరిట పక్కన పెట్టడంవల్ల జరిగిన నష్టం ఒక గ్రంథానికి రావలసిన కీర్తి తగ్గడం మాత్రమే కాదు. బడిలో మిత్రలాభం చదివిన విద్యార్థికి 'నీతి' అంటే మంచి స్నేహితుణ్ణి ఎంచుకోవడం, చెడ్డవాణ్ణి దూరం పెట్టడం. అదే మాట రాజ్యాల మధ్య కలహానికీ ఒడంబడికకూ వర్తిస్తుందన్న ఎరుక అతనికి అందలేదు. నాలుగు అంగాల శాస్త్రంలో రెండింటినే నేర్పి, మిగిలిన రెండింటినీ అనుకరణలని కొట్టివేసిన విమర్శ ఇందుకు బాధ్యత వహించాలి.

కనుక విశ్వవిద్యాలయ పాఠ్యప్రణాళికలలో మిత్రలాభ, మిత్రభేదాల పక్కన విగ్రహ, సంధులకు చోటివ్వాలి. కొక్కొండ, వీరేశలింగం రచనలను సూరితో కాక ముందుగా ఒకదానితో ఒకటీ, మూలంతోనూ పోల్చి చదవాలి. అప్పటికీ సూరి వచనమే మేలైనదని తేలవచ్చు. దానివల్ల ఎవరికీ నష్టం లేదు. కాని ఆ తీర్పు హంస, నెమలి ఏమి మాట్లాడుకున్నాయో విన్న తరువాత ఇచ్చినది కావాలి.